జాబితాలో లేని ఉస్తాద్

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాపై కురిసిన వాన సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 44వ నంబరు జాతీయ రహదారిపై వాహనాలు నిలిచిపోయాయి. పట్టణంలోని కాలనీలలో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. వాన కాస్త తెరిపి ఇచ్చాక మేము కామారెడ్డిలో పోగుచేసిన బియ్యం, గోధుమపిండి, దుప్పట్లు తీసుకుని ఎల్లారెడ్డి వైపు బయలుదేరాము. మా సేవా కమిటీకి ఒక పాత మహీంద్రా పికప్ ఉంది. పన్నెండేళ్లు దాటిన బండి. ఇంజను గట్టిదే గాని వెనుక భాగానికి కప్పు లేదు. సామానుపై ఒక టార్పాలిన్ పరిచి, తాళ్లతో బిగించి కట్టాము.

తాడ్వాయి దాటేవరకు ఇబ్బంది లేదు. లింగంపేట చేరేలోపు వాన మళ్లీ అందుకుంది. గాలికి టార్పాలిన్ ఒక మూల లేచి, కొట్టుకుని కొట్టుకుని చినిగింది. ఎల్లారెడ్డిలో దించేసరికి పిండి సంచులు ముద్దలయ్యాయి, దుప్పట్లు పిండితే నీళ్లు కారాయి. వరదలో తడిసినవారి చేతికి తడి దుప్పట్లు ఇచ్చి వచ్చాము. ఒక పెద్దావిడ దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తీగపై ఆరవేసుకుంది. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేదని తిరుగు ప్రయాణంలో మేమంతా అనుకున్నాము.

ఆ తరువాతి సమావేశంలో బండికి హుడ్ వేయించాలని తీర్మానించాము. ఇనుప రేకుతో మూసిన డబ్బా కట్టిద్దామని కొందరన్నారు. కాని డబ్బా బరువు ఎక్కువ. ఒకసారి కడితే మళ్లీ విప్పలేము, ఎత్తైన సామాను పట్టదు. పైగా మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ఉన్నది. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా ఉండేట్టు వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. సామాను తడవకుండా కప్పే, ఎప్పుడంటే అప్పుడు విప్పగలిగే గుడ్డ కప్పు వేరు, బండి బాడీనే మార్చడం వేరు. అందువల్ల బోల్టులతో బిగించి విప్పుకునే హుడ్ చేయించాలని అనుకున్నాము. (ఎవరైనా ఇలా చేయించదలిస్తే ముందుగా రవాణా కార్యాలయంలో ఒక మాట అడిగి చేయించండి. హుడ్ ఉన్నది కదా అని సరుకు బండిలో మనుషులను ఎక్కించకండి.)

కామారెడ్డిలో ఒక ఉస్తాద్ ఉన్నారు. పేరు రాయడం ఆయనకు ఇష్టం లేదు. దుకాణం బోర్డుపై ‘సీట్ కవర్స్, కుషన్ వర్క్స్’ అని ఉంటుంది. హుడ్ మాట ఆ బోర్డుపై లేదు. ఆయన తాతగారు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టినవారు. తండ్రి హయాంలో ఆ విల్లుకు పని తగ్గింది. ఫోము, కొబ్బరిపీచు పరుపులు వచ్చాయి. తండ్రి జీపు సీట్లు కుట్టడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మన పల్లెలకు బస్సు కన్నా ముందు జీపే వెళ్లేది. జీపు అంటే హుడ్. ఏటా వానాకాలానికి ముందు జీపులన్నీ ఆ దుకాణం ముందు వరుస కట్టేవట. తండ్రి దగ్గర సూది, మేనమామ దగ్గర వెల్డింగు నేర్చుకుని ఉస్తాద్ రెంటినీ ఒకే చేతిలోకి తెచ్చుకున్నారు.

పని జరిగిన ఆరు రోజులూ మాలో ఎవరో ఒకరం దుకాణంలోనే కూర్చున్నాము. నిజం చెప్పాలంటే డబ్బు వృథా కాకుండా చూసుకోవాలనే అనుమానంతోనే వెళ్లాము. చూసిన తరువాత అనుమానం మాట మరచిపోయాము.

మొదటి రోజంతా కొలతలే. బండి బాడీ చూడటానికి నాలుగు మూలలా సమంగా కనబడుతుంది గాని పాత బండి అలా ఉండదు. ఎడమ పక్క ఎప్పుడో గుద్దుకుని ముప్పాతిక అంగుళం లోపలికి ఉంది. మేము పదేళ్లు తిరిగిన బండిలో ఆ సంగతి మాకే తెలియదు. ఉస్తాద్ మూల నుండి మూలకు దారం లాగి, దారానికి ముడులు వేసి ఆ తేడాను పట్టుకున్నారు. తరువాత నాలుగు కమానులు. అంగుళం ఇనుప పైపులో ఎండిన ఇసుక కూరి, రెండు చివరలా కర్ర బిరడాలు కొట్టి, వేడి చేసి వంచారు. ఇసుక లేకుండా వంచితే వంపు దగ్గర పైపు చప్పిడిపోతుంది, బలం ఉండదు. కమాను నడుమ భాగం అంచుల కన్నా నాలుగు అంగుళాలు ఎత్తుగా ఉండేట్టు చూశారు. చదునుగా ఉంటే వాన నీరు మధ్యలో నిలుస్తుంది, ఆ బరువుకు గుడ్డ జారుతుంది, జారిన చోట మరింత నీరు నిలుస్తుంది. మా టార్పాలిన్‌కు జరిగింది అదే. కమానులను నిలువుగా కలిపే అయిదు పైపులు అతికించాక వెల్డింగు గడ్డలన్నీ ఆకురాయితో అరగదీసి, వేలితో తడిమి చూసి, ఆపైన పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టారు. ఎందుకని అడిగితే నవ్వారు.

“గుడ్డ పైనుంచి చినగది సాబ్, లోపల్నుంచి చినుగుతది. బండి ఊగినప్పుడల్లా పైపు దాన్ని రాకుతనే ఉంటది.”

గుడ్డ విషయంలో రోజంతా చర్చ నడిచింది. నూలు కాన్వాసు తడిస్తే దారాలు ఉబ్బి సూది రంధ్రాలు వాటంతట అవే మూసుకుంటాయి, లోపల ఉక్క ఉండదు. కాని తడిగానే మడిచి పెడితే బూజు పట్టి కుళ్లుతుంది, కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. పీవీసీ పూత గుడ్డ కుళ్లదు, నీరు దిగదు. కాని మన ఎండలకు కొన్నేళ్లలో పెళుసుబారుతుంది. దాని రంధ్రాలు మూసుకోవు గనుక కుట్టు చాలా జాగ్రత్తగా వేయాలి. కమిటీ బండి ఎవరు ఎప్పుడు ఎలా మడిచి పెడతారో తెలియదు కాబట్టి పీవీసీ గుడ్డే మేలని ఆయన తేల్చారు. ఇది బండిని చూసి చెప్పిన మాట కాదు, మమ్మల్ని చూసి చెప్పిన మాట.

కత్తిరించే ముందు పాత వార్తాపత్రికలు అతికించి నమూనా చేశారు. ప్రతి అతుకులో రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరుసలు కుట్టారు. పై గుడ్డ అంచు కింది గుడ్డపై పెంకుల మాదిరిగా పడేట్టు, ముందు గుడ్డ అంచు వెనుక గుడ్డపై పడేట్టు చూశారు. నీరు కిందికి జారిపోవాలి, బండి పరుగులో గాలి అతుకులోకి దూరకూడదు. నైలాన్ దారానికి మైనం పట్టించారు. మూలలకు రెండేసి పొరలు వేశారు. ఐలెట్లు కొట్టే అంచంతా లోపలివైపు మంచానికి అల్లే నవారు పెట్టి కుట్టారు. మందం ఎక్కువై మిషను సూది దిగని చోట దబ్బనం తీసుకుని చేత్తో కుట్టారు. ఆ పని చేస్తున్నది ఆయన చిన్న కొడుకు. ఇంటర్ చదివి ఆపేశాడు. పెద్దవాడు గల్ఫ్‌లో ఉన్నాడు.

హుడ్‌ను చట్రం కన్నా అర అంగుళం తక్కువగా కుట్టారని బిగించే రోజున తెలిసింది. మా కోశాధికారి కంగారు పడ్డారు. ఉస్తాద్ గుడ్డను గంటసేపు మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిచారు. వేడికి మెత్తబడ్డాక నలుగురం నాలుగు మూలలా పట్టి లాగితే చట్రంపై ఎక్కి కూర్చుంది. చల్లారాక డప్పులా బిగిసింది. వెనుక భాగం చుట్టి పైకి కట్టుకోవడానికి పట్టీలు, డ్రైవరు వెనుకకు చూడటానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ అమర్చారు. తరువాత బకెట్లతో నీళ్లు తెచ్చి పైన పోశారు. లోపల చతికిలబడి కూర్చున్న మాపై ఒక్క చుక్క పడలేదు.

ఖర్చు లెక్క ఇది. గుడ్డ 6,300 రూపాయలు, పైపులు 3,500, దారం, ఐలెట్లు, తాడు, నవారు కలిపి 1,200, పనికి 5,000. మొత్తం 16,000. పనికి ఆయన అడిగింది 6,000. మేమే బేరమాడి వెయ్యి తగ్గించాము, కమిటీ డబ్బు ఆదా చేశామని సంతోషించాము కూడా. ఇంటికి వచ్చి లెక్క వేస్తే ఇద్దరు మనుషులు ఆరు రోజులు చేసిన పనికి మనిషికి రోజుకు 416 రూపాయలు పడింది. తాపీమేస్త్రీని ఈ కూలికి పిలిస్తే గుమ్మం కూడా ఎక్కడు. ఆ వెయ్యి తరువాత ఇచ్చివేశాము. బిల్లు అడిగితే ఆయన దగ్గర బిల్లు పుస్తకం లేదు. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగలేదట. తెల్లకాగితంపై రాసి సంతకం పెట్టారు.

అసలు చెప్పదలచినది ఇక్కడి నుండి మొదలవుతుంది.

ఆయన కుట్టు మిషను పాతది, మందం గుడ్డకు మొరాయిస్తున్నది. కొత్తది కొనడానికి ఒక బ్యాంకుకు వెళ్లారు. ఏడాదికి వ్యాపారం ఎంత, కాగితాలు ఏవి అని అడిగారట. తెల్లకాగితాలు కూడా లేని మనిషి ఏం చూపిస్తాడు? తిరిగి వచ్చేశారు. మేము ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం. ఇది చిన్న పనే అనుకుని ఆయనను వెంటబెట్టుకుని పీఎం విశ్వకర్మ పథకానికి దరఖాస్తు చేయించడానికి కంప్యూటర్ సెంటరుకు వెళ్లాము.

పథకం చెడ్డది కాదు. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 13,000 కోట్ల రూపాయలు కేటాయించారు. హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తీర్చాక రెండు లక్షల వరకు రుణం, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, శిక్షణలో ఉన్న రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం. అయితే అది పద్దెనిమిది వృత్తులకే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, స్వర్ణకారుడు, శిల్పి, తాపీమేస్త్రీ, దర్జీ ఉన్నారు. చెప్పులు కుట్టేవారు, బుట్టలు అల్లేవారు, పూలదండలు కట్టేవారు, క్షురకులు, రజకులు ఉన్నారు. తాళాలు, బొమ్మలు, పడవలు, చేపల వలలు, సుత్తులు, ఆయుధాలు చేసేవారు ఉన్నారు. వారందరూ ఉండవలసినవారే. బండి హుడ్ కుట్టేవాడు లేడు. సీట్లు కుట్టేవాడు, లారీ బాడీ కట్టేవాడు, మోటారు మెకానిక్ లేరు. తాతగారి వృత్తి అయిన దూది ఏకడం, పరుపులు కుట్టడం కూడా లేదు. వంశపారంపర్యంగా వస్తున్న చేతివృత్తి అని పథకం అడుగుతుంది. మూడు తరాలుగా సూది వదలని ఇంటికి అందులో పేరు లేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి మంచి మనిషి. దర్జీ అని పెట్టేద్దామంది.

“దర్జీ అంటే అంగీలు కుడుతరు బేటా. నాకు అంగీ కుట్టరాదు” అన్నారు ఉస్తాద్.

“అయితే కమ్మరి అని పెడుదునా చాచా?”

“రెండూ పెట్టరాదు?”

“ఒక్కటే పడుతది చాచా.”

దర్జీ అని నమోదు చేస్తే కథ ముగియదు. శిక్షణ దర్జీ పనిలో ఇస్తారు. పనిముట్ల సాయమూ ఆ వృత్తికి తగినట్టే వస్తుంది. ఇంట్లో జాకెట్లు కుట్టే మిషనుకు పీవీసీ గుడ్డ నాలుగు పొరలు దిగదు. పైగా కుటుంబంలో ఒక్కరికే అవకాశం. తండ్రి చట్రం కడతాడు, కొడుకు కుడతాడు, వారిలో ఎవరిని కారీగరుగా లెక్కించాలి? దరఖాస్తు పెట్టకుండానే బయటికి వచ్చాము. తప్పు వివరాలతో సంతకం పెట్టడం ఉస్తాద్‌కు నచ్చలేదు. నచ్చజెప్పడానికి మాకూ నోరు రాలేదు.

ఈ వృత్తి ప్రభుత్వానికి తెలియనిదా అంటే కాదు. ఇంటికి వచ్చి పాత అలవాటు కొద్దీ 2008 నాటి జాతీయ పారిశ్రామిక వర్గీకరణను తిరగేశాము. అందులో 1392 అనే వర్గం ఉన్నది. టార్పాలిన్లు, డేరాలు, వాహనాల తొడుగులు తయారుచేయడం దాని కిందికి వస్తుంది. 2920 అనే మరో వర్గం మోటారు వాహనాల బాడీలు కట్టడానికి ఉన్నది. అంటే లెక్కలు రాసే శాఖకు ఉస్తాద్ తెలుసు, ఒకసారి కాదు, రెండుసార్లు తెలుసు. సాయం చేసే పథకానికి మాత్రం ఆయన కనబడలేదు.

దీనిని ఒక మనిషి కష్టంగా చూసి వదిలేయలేము. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనం ఉద్యోగాల వాటా కోసమే ఎక్కువగా ఉటంకిస్తాము. అదే నివేదికలో ముస్లిం కార్మికులలో నూటికి 61 మంది స్వయం ఉపాధిపై ఆధారపడి ఉన్నారని, వాహనాల మరమ్మతు వంటి పనులలో మనవారి సంఖ్య ఎక్కువని, బ్యాంకు రుణాలలో మన వాటా మాత్రం తక్కువని ఉన్నది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 12 శాతం, కనీసం 9 శాతం రిజర్వేషన్ ఇవ్వాలని సూచించింది. 2017లో శాసనసభ 12 శాతం బిల్లును ఆమోదించింది, అది ఢిల్లీ దాటి రాలేదు. దానికోసం ధర్నాలు చేశాము, చేయవలసిందే. దూదేకులవారు బీసీ-బీలో ఉన్నారు, ఇతర వర్గాలు కొన్ని 2007 నుండి బీసీ-ఈలో ఉన్నాయి. ఇవన్నీ చదువుకు, ఉద్యోగానికి పనికివచ్చే తలుపులు. ఇంటర్‌తో చదువు ఆపి దబ్బనం పట్టుకున్న పిల్లవాడి విషయంలో మన సభలలో ఎన్ని తీర్మానాలు చేశాము? మా కమిటీ పాత మినిట్స్ పుస్తకాలు తీసి చూశాము. ఒక్కటీ లేదు.

ఇందులో మన సిగ్గు కూడా కలిసి ఉన్నది. ముస్లిం అంటే పంక్చర్ దుకాణం అని ఎగతాళి చేసేవారు ఉన్నారు. వారి మాటకు నొచ్చుకుని మనమే ఆ పనులను పిల్లల ముందు తక్కువ చేసి మాట్లాడుతున్నాము. సంబంధాల దగ్గర ‘గల్ఫ్‌లో ఉన్నాడు’ అంటే ముఖాలు వికసిస్తాయి, ‘కుషన్ వర్క్స్’ అంటే మాట మారుస్తాము. ఉస్తాద్ పెద్ద కొడుకు అక్కడ చేస్తున్నదీ ట్రక్కుల కప్పులు కుట్టే పనే! అక్కడ దానికి జీతం, గదీ, గుర్తింపు కార్డూ ఉన్నాయి.

కొందరు మిత్రులు మాతో వాదించారు. ఫ్యాక్టరీ నుండి మూసిన డబ్బాతోనే బండ్లు వస్తున్నాయి, ఈ వృత్తి ఎలాగూ పోతుంది, దాని కోసం పోరాటం దేనికని. జీపుల వరుస తగ్గిన మాట నిజమే, ఉస్తాదే చెప్పారు. అయితే పాత బండ్లు అంత త్వరగా పోవు. కూరగాయల పికప్పులు, టెంట్ హౌసుల డీసీఎంలు, ఆటో ట్రాలీలు రోడ్డుపై ఉన్నంత కాలం గుడ్డ కప్పు కావాలి. వాన నీటికి నాలుగు అంగుళాల వాలు ఎక్కడ పెట్టాలో తెలిసిన చేయి దుకాణం షెడ్డుకు, పందిరికి, ధాన్యం కుప్పపై కప్పుకు కూడా పనికి వస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రాలలో ప్రతి యాసంగిలో టార్పాలిన్ల కొరతపై రైతులు రోడ్డెక్కే జిల్లాలో ఈ పని తెలిసినవాడికి పని లేదంటే నమ్మలేము.

మా కోరిక పెద్దదేమీ కాదు. విశ్వకర్మ జాబితాలో హుడ్, సీటు, పరుపు పనులను, లారీ బాడీ పనిని చేర్చాలని కేంద్రాన్ని కోరుతూ వినతిపత్రం తయారుచేశాము. జిల్లా కలెక్టరు ద్వారా, పార్లమెంటు సభ్యుని ద్వారా పంపుతున్నాము. పందొమ్మిదో వృత్తి చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. రాష్ట్ర మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్ కుట్టు మిషన్లు పంచేటప్పుడు కొన్నైనా మందం గుడ్డ కుట్టే మిషన్లు ఉండాలని మరో లేఖ రాశాము. మిషన్లు ఇవ్వడం మానలేదు, ఏ మిషను అని ఎవరూ అడగలేదు, అంతే.

అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఉద్యమ్ నమోదు 2020 జూలై 1 నుండి ఉన్నది. ఆధార్, పాన్ ఉండాలి, రుసుము లేదు. డబ్బు అడిగేవారు దళారులని గుర్తించండి. జీఎస్టీ లేని చిన్న దుకాణాలకు ఉద్యమ్ అసిస్ట్ అనే వేదిక 2023 నుండి పనిచేస్తున్నది. దరఖాస్తులో వృత్తిని మన వర్గం కిందనే నమోదు చేసుకోవచ్చు. ఉస్తాద్‌కు 1392 కిందనే చేయించాము. ముద్రా పథకంలో శిశు రుణం 50,000 వరకు ఇస్తారు. ఆ ఉద్యమ్ పత్రంతో పాటు ఆరు నెలల బిల్లులు ఉంటే ఈసారి బ్యాంకులో మాట్లాడే తీరు వేరుగా ఉంటుందని మా నమ్మకం.

బిల్లుల కోసం మసీదు కమిటీలకు, పాఠశాలల యాజమాన్యాలకు, బండ్లున్న వ్యాపారులకు ఒక మనవి. మన కారీగర్ల చేత పని చేయించుకున్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. వీలైనంతవరకు డబ్బు ఆయన బ్యాంకు ఖాతాకు పంపండి. బేరం ఆడే ముందు రోజు కూలి ఎంత పడుతుందో కాగితంపై ఒకసారి వేసి చూడండి. మేము వేసి చూడకుండా ఆడాము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో హుడ్, సీటు, వెల్డింగు, బాడీ పనులు చేసేవారి పేర్లు రాస్తున్నాము. ఆదివారాలు ఉదయం ఎల్లారెడ్డిలో మా కమిటీ గదిలో ఉంటాము. వచ్చేటప్పుడు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, చేసిన పనుల ఫోటోలు రెండు మూడు తెచ్చుకోవాలి. చదువు రానివారు మొహమాటపడవద్దు, దరఖాస్తు రాసే పని మాది. అచ్చు వేయించిన బిల్లు పుస్తకం ఒకటి ఉచితంగా ఇస్తాము. మొదటి పుస్తకం ఉస్తాద్‌కు ఇచ్చాము. పోయిన వారం చూస్తే పదకొండో బిల్లు దాకా నిండింది, చేతిరాత చిన్న కొడుకుది.